మునసబు తాత కట్టించిన మెట్లు

కంకర కొట్టే అన్నలారా, పుస్తకాలు చదివే తమ్ముళ్ళారా! మా పల్లె కూలి, విశ్వాసం అనేవాణ్ణి ఎవరూ తుపాకితో కాల్చలేదు. ఉరి తీయలేదు. బావి నీళ్ళు తాగి చచ్చిపోయాడు. ఎట్లాగో చెబుతాను, వినండి.

త్రిపురాంతకం నుంచి కురిచేడు రైలు స్టేషనుకు రోడ్డు వేస్తున్న వేసవి అది. కంట్రాక్టు మా ఊరి మునసబు వెంకటసుబ్బయ్యది. కంకర కొట్టే చేతులు మా పల్లె జనానివి. ఎండ ముదిరేసరికి ఏటా మా కాళ్ళలో నారికురుపు లేస్తుంది. బొబ్బ పొంగి, పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజూ కాస్త కాస్తగా బయటికి లాక్కోవాలి. మధ్యలో తెగితే కాలు పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. అందుకే నారి లేచినవాడు పుల్లను కాలికి కట్టుకుని ఇంటిపట్టునే ఉంటాడు.

విశ్వాసం అట్లా గుడిసె వాకిట్లో కూర్చుని ఉండగా మునసబు మేస్త్రీ మల్లయ్య వచ్చాడు.

"లేయ్ రా! పనికి రావా ఏంది?"

"నారి లేచిందన్నా. సగమే వచ్చింది. నాలుగు దినాలు ఆగు."

"ఎండ పడితే చాలు, మీకు నారి లేస్తది! పనిదొంగలకే ఎందుకు లేస్తదిరా ఇది?"

మాట అంటూనే రెక్క పట్టి ఈడ్చాడు. కాలికున్న పుల్ల గడపకు తగిలి ఊడిపోయింది. పురుగు తెగింది. విశ్వాసం వేసిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. కాలు దుంగలా వాచి తొడదాకా నల్లబడింది. ఆదివారం పాదిరిగారు ప్రార్థనకు వచ్చేలోపే ప్రాణం పోయింది. భార్య మగ్దలీనమ్మ, తప్పటడుగుల కూతురు మిగిలారు. మునసబు దగ్గరనుంచి వచ్చిన పరామర్శ ఒక్కటే: విశ్వాసం వదిలేసిన కంకర ఎవరు కొడతారని.

ఆ తర్వాత శానిటరీ ఇనస్పెక్టరు వచ్చాడు. మా దిగుడుబావి నీళ్ళు గాజు గ్లాసులో పట్టి ఎండకు ఎత్తి చూపించాడు. సన్నటి నలకలు ఈదుతున్నాయి.

"నారి లేచిన కాలు మీరు నీళ్ళలో పెడతారు. దాని పిల్లలు నీళ్ళలో పడతాయి. ఈ నలకలు వాటిని మింగుతాయి. నలకలను మీరు మింగుతారు. ఏడాది తిరిగేసరికి మీ కాళ్ళలో లేస్తాయి. గుడ్డలో వడగట్టి తాగండి. ఈ మురికి అలవాట్లు మానండి!"

అట్లా తిట్టి, భోజనానికి మునసబు ఇంటికి పోయాడు.

మురికి అలవాటట! ఆ కాలు నిప్పుల్లో పెట్టినట్టు మండుతుంది. నీళ్ళలో పెడితే తప్ప చల్లారదు. ఊళ్ళో గిలక ఉన్న చేదబావి ఉంది, కాని దాని ఒర మేము ముట్టుకుంటే మైల. మాకు మిగిలింది దిగుడుబావి. మెట్లు దిగి, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఆ మెట్లు మునసబు తాత కట్టించాడు. ఆయన పేరూ వెంకటసుబ్బయ్యే. పేదలకు చేసిన ధర్మమని పై బండమీద తన పేరు చెక్కించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మగ్దలీనమ్మ మునసబు గొడ్లచావడిలో పేడ తీస్తోంది. లోపలి మాటలు ఆమె చెవిన పడ్డాయి. సాయంత్రం ప్రార్థనపాక ముందు పల్లెనంతా పోగుచేసింది.

"ఆ ఇనస్పెక్టరు దొర ఏమన్నాడో ఇనండి. మెట్లు తీసేసి, ఒర కట్టి, గిలక పెడితే ఏడాదికో రెండేళ్ళకో నారి పోతాదన్నాడు. దానికి మునసబు, 'మా తాత పేరున్న మెట్లండీ, ఎట్ల తీస్తాం' అన్నాడు. దొర నవ్వి ఇంకో గలాసు మజ్జిగ పోయించుకున్నాడు."

ముసలి పిచ్చమ్మకు నమ్మబుద్ధి కాలేదు.

"పోలేరమ్మ కోపమని ఏటా కోళ్ళు కోస్తిమే!"

"పోలేరమ్మకు మునసబు ఇల్లు కనపడదా అత్తా? ఆ ఇంట్లో ఒక్కరికన్నా నారి లేసిందా?" అంది మగ్దలీనమ్మ.

పెద్దమనిషి కాటమరాజు అడ్డం వచ్చాడు.

"మెట్లు తీస్తే నీళ్ళెట్ల తెచ్చుకుంటామే? అంత తాడు యాడిది మనకు? మునసబు పని మాన్పిస్తాడు. జైల్లో ఏపిస్తాడు."

"పనికి పోయినోళ్ళు బతికినారా పెదనాయనా? మంట తట్టుకోలేడని నేనే చెయ్యి పట్టి ఆయన్ను బావిలోకి దించినా. కాలు చల్లబడిందే అని నవ్వినాడు. ఆ నీళ్ళే కడవకు ముంచి నా బిడ్డకు తాపినా. తెలవక తాపినా. తెలిసినాక గూడ తాపమంటావా?"

ఆమె ఏడవలేదు. మాకే ఏడుపొచ్చింది. కాటమరాజు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"తాడు పేనడానికి కిత్తనార నేను తెస్తా" అన్నాడు.

పల్లెంతా నార కొట్టింది. ఆడవాళ్ళు పేనారు, మగవాళ్ళు గిలక చెక్కారు. తాడు తయారైన పొద్దున మేము కంకర పనికి పోలేదు. ఆ పని కోసం మునసబు ఇచ్చిన గునపాలూ సమ్మెటలూ పట్టుకుని పట్టపగలు బావికి పోయాం. కబురంది మునసబు పరుగున వచ్చాడు.

"మా తాత పేరుమీద గునపం ఏస్తార్రా! తాగిన నీళ్ళ మేలు మరిచినార్రా!"

"మరవలేదయ్యా" అంది మగ్దలీనమ్మ. "మీ తాత మేలు మా కాళ్ళలోనే ఉంది. పుల్లకు చుట్టి లాగుకుంటున్నాం."

పై బండమీద మొదటి దెబ్బ ఆమెదే. పేరు రెండు ముక్కలైంది. పొద్దు వాలేసరికి ఒక్క మెట్టు మిగల్లేదు. ఆ రాళ్ళతోనే ఒర కట్టాం. పేరున్న ముక్కలను కనపడకుండా లోపలికి తిప్పి పెట్టాం. గిలక కిర్రుమంది. మొదటి చేద పైకి వచ్చింది. పాత నలకలు ఇంకా ఉంటాయని గుడ్డలో వడగట్టుకుని తాగాం. మా జన్మలో నీళ్ళలో కాలు పెట్టకుండా నీళ్ళు తాగింది ఆ రోజే.

మర్నాడు పొద్దున్నే పోలీసులు వచ్చారు. ధర్మసత్రం కూల్చిన దొంగలను పట్టినట్టు పట్టారు. మగ్దలీనమ్మను, కాటమరాజును, నన్ను చేతులకు తాళ్ళు కట్టి తాలూకాకు నడిపించారు. బిడ్డను పిచ్చమ్మ చంకనేసుకుంది. తక్కిన జనం బావి చుట్టూ నిలబడిపోయారు. గిలక మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వం అన్నారు.

దారిలో మగ్దలీనమ్మ కుంటడం మొదలుపెట్టింది. పాదం మీద బొబ్బ పొంగింది. పోయిన ఏడు తాగిన నీళ్ళు! ఎండకు దుమ్ము కాలుతోంది. మధ్యాహ్నానికి ఒక ఊరి దిగుడుబావి దగ్గర ఆగాం. కానిస్టేబులుకు కూడా జాలేసింది.

"దిగి కాలు నీళ్ళలో పెట్టుకో. చల్లబడుతుంది."

ఆమె దిగలేదు. పై మెట్టుమీద కూర్చుని పళ్ళు బిగపట్టింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కడవలతో వచ్చిన ఆడవాళ్ళు వింతగా చూశారు. అడుగు మెట్టుమీద ఒక ముసలమ్మ నారి లేచిన కాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది.

"పెట్టుకోమ్మా, మేమంతా పెట్టుకుంటాం గదా" అంది.

మగ్దలీనమ్మ చెప్పింది. గ్లాసులో నలకలు, మునసబు మెట్లు, విశ్వాసం కాలు, అన్నీ చెప్పింది. కానిస్టేబులు తాడు గుంజాడు. చెప్పడం అయ్యేదాకా ఆమె లేవలేదు.

ముసలమ్మ నీళ్ళలోకి చూసింది. కడవలకేసి చూసింది. మెల్లగా కాలు బయటికి తీసి పొడిరాతి మీద పెట్టుకుంది. మంటకు ముఖం చిట్లించుకుంటూనే పైనున్న వాళ్ళను కేకేసింది.

"ఒసేయ్, మన ఊళ్ళో గునపం ఎవరింట్లో ఉందే?"