గడ్డం మీద దూది

దవడ సరిచేసే ఆపరేషన్ అయి నెలలు గడిచినా కూతురి గడ్డానికి స్పర్శ తిరిగి రాలేదు. కళ్లు మూసుకోమని డాక్టరు దూదితో తాకితే ఆ పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

తల్లి డాక్టరు మీద విరుచుకుపడింది. "ఇంట్లో రోజూ నేనిలాగే తాకితే తెలుస్తోందనే చెప్పిందండీ! ఏం చేశారు నా బిడ్డని?"

"చిగుళ్లు చూడండమ్మా, గులాబీ రంగులో ఉన్నాయి. రక్తం బాగానే పారుతోంది. గడ్డానికి స్పర్శనిచ్చే నరమే మెల్లగా కోలుకోవాలి."

"రక్తం పారితే సరా? రేపు పెదవి కాలినా దానికి తెలియదే!"

కూతురు నసిగింది. "ఇంట్లో అబద్ధం చెప్పానమ్మా. తాకేటప్పుడు నువ్వు ఊపిరి బిగబడతావు, దాన్నిబట్టి చెప్పేదాన్ని. తెలియట్లేదంటే నువ్వు అన్నం మానేస్తావని..."

"ఓసి దొంగముఖమా! నన్నే ఏమారుస్తావా? ఇటు చూడు!" ఒళ్లు మండిన తల్లి, అలవాటు కొద్దీ గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"మెల్లగా, మెల్లగా!" అని డాక్టరు కంగారుపడ్డాడు.

కూతురి కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మా, నీ గోరు గుచ్చుకుంటోంది!"

తల్లి చటుక్కున చెయ్యి తీసింది కానీ కోపం దిగలేదు. "ఇదీ అబద్ధమైతే చంపేస్తా. కళ్లు మూసుకో. ఈసారి ఊపిరి పీలుస్తూనే తాకుతాను."