హెడ్‌లైటుకు కట్టిన తీగ

మధ్యాహ్నం మూడూ ఇరవైకి హెడ్‌లైటు బోల్టు తల తెగిపోతుంది. అప్పటికి మా అక్క రవణమ్మ భర్త, బావ సింగరకొండ, చనిపోయి పద్నాలుగు నెలలు. బండి పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నది ఆయనే.

"ఇరవై ఏళ్ల మెకానిక్కువి. తుప్పు పట్టినదానికి కాస్త కిరసనాయిలు పోసి ఆగాలని తెలీదంట్రా మాల్యాద్రీ?"

"ఆగితే పెళ్లికి టైమైపోద్దన్నావుగా బావా."

"నేనన్నానని స్పానరుకి పైపు తొడిగి లాగుతావా? మీ ఇంటోళ్లెవరికీ ఓపిక లేదురా. నాకు ముందే తెలిస్తే మీ అక్కని చేసుకునేవాణ్ణే కాదు."

ఇది అద్దంకి రోడ్డులో నా షెడ్డే, గోడలు మాత్రం లేవు, అయినా రేకుల సందులోంచి పడినట్టు ఎండ చారలు చారలుగా పడుతోంది, కాసేపటికి చూస్తే మేమున్నది పోలీసు స్టేషన్ వెనక, పట్టుకొచ్చిన బండ్లు నిలబెట్టే చోట, వాటి మధ్య బావ బండి, తొంభై ఆరు మోడలు, దాని లైటు నేలను చూస్తోంది, నేను దాన్ని పైకెత్తి బైండింగ్ తీగ మూడు చుట్లు చుట్టి ముడి వేస్తున్నాను, వేస్తూ ఆ రోజన్న మాటే మళ్లీ అంటున్నాను.

"ఇయ్యాళ్టికి దీంతో పో బావా. రేపు పొద్దున్నే తీసుకురా, లోపలి ముక్క తీసి కొత్తది బిగిస్తా."

"నాకు రేపెక్కడిదిరా?" అని నవ్వుతున్నాడు. "విప్పు ఆ తీగ. ఇప్పుడు నాకే తొందరా లేదు."

విప్పుతున్నాను. బావ ఆక్సా బ్లేడు ముక్కతో విరిగిన బోల్టు మీద గాడి కోసి, స్క్రూడ్రైవరు ఆనించి ఎడమకు తిప్పుతున్నాడు, ఆయనకు ఈ పని రాదు, బతికున్నన్నాళ్లూ పొగాకు కంపెనీలో ఆకు వేళ్ల మధ్య నలిపి రకం చెప్పడమే ఆయన పని, అయినా చెయ్యి తడబడడం లేదు, ముక్క బయటికి వస్తోంది, అరంగుళం ఉండాల్సింది వేలంత వచ్చింది, జానెడు వచ్చింది, ఇంకా వస్తోంది, మా ఇద్దరికీ అది వింతగా లేదు.

"మీ అక్క ఎట్టుంది?"

"బాగానే ఉంది."

"తిడతందా నన్ను?"

ఆ రోజు పొద్దుగూకాక, ఏడూ పదికి, రోడ్డు మీద ఆపిన ట్రాక్టరు ట్రక్కును ఆయన బండి వెనక నుంచి గుద్దుకుంది. లైటు నేల వైపు వంగి ఉందని పోలీసులు నివేదికలో రాశారు. గుద్దుకున్నాక వంగిందో, ముందే వంగిందో రాయలేదు. అక్కకు ఆ అనుమానం లేదు. "లైటు ఊగుతోంది చూపించమని నెల్లాళ్లు మొత్తుకున్నాను, వినలేదు, బద్ధకమే ఆయన్ని తీసుకుపోయింది" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. నా ఎదుటే చెబుతుంది. పద్నాలుగు నెలలుగా నేను తల ఊపుతూ కూర్చుంటున్నాను.

"తిడతంది బావా. నువ్వు నా దగ్గరికొచ్చావని అక్కకి తెలీదు."

"నువ్వు చెబితేగా తెలిసేది."

"చెబితే మళ్లీ నా మొహం చూడదు. నాకు మిగిలింది అక్క ఒక్కతే."

"నాకూ ఒక్కతేరా," అంటున్నాడు బావ.

స్టేషన్ గోడ దూరం జరుగుతోంది, బండ్లు ఒకటొకటీ లేకుండా పోతున్నాయి, ఆయన తిప్పుతూనే ఉన్నాడు, నేను పద్నాలుగు నెలలుగా ఎవరినీ అడగలేకపోయింది ఇప్పుడు అడుగుతున్నాను.

"నా దగ్గర్నించి ఇంటికెళ్లి బట్టలు మార్చుకున్నావుగా. అక్క లైటు సంగతి అడగలేదా?"

"అడక్కుండా ఊరుకుంటదా మీ అక్క?"

"ఏం చెప్పావు?"

బావ తల ఎత్తడం లేదు. నేను మళ్లీ అడుగుతున్నాను, గట్టిగా అడుగుతున్నాను, నా గొంతు నాకే వినిపించడం లేదు, ఆయన చేతులు కనిపిస్తున్నాయి గాని మొహం కనిపించడం లేదు, వెనక ఎవరో బండి తియ్యమని ఆగకుండా హారను కొడుతున్నారు.

షెడ్డులో బెంచీ మీద మెలకువ వచ్చింది. బయట లారీ హారను కొడుతోంది. నాలుగు కావస్తోంది. షెడ్డు మూసి నడుచుకుంటూ అక్క ఇంటికి వెళ్లాను.

అక్క వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. "ఏందిరా ఈ వేళప్పుడు? బేరాల్లేవా?" అంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. బావ లైటు బిగించమని వచ్చాడని, పైపు తొడిగి లాగితే బోల్టు విరిగిందని, ముక్క తీయకుండా తీగ కట్టి పంపించానని చెప్పాను.

అక్క చేతులు ఆగాయి.

"ఏ రోజు?"

"ఆ రోజే అక్కా. మూడున్నరప్పుడు."

ఆమె నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న గింజను పళ్లెంలో వేసింది. ఇంకొకటి తీయబోయి మానుకుంది.

"నాలుగింటికి ఇంటికొచ్చాడు," అంది. "లైటు చేయించావా అని గుమ్మంలోనే అడిగా. తీరికలేదు, మాల్యాద్రి షెడ్డు దాకా పోనే లేదన్నాడు."