మన్ను అస్తరు

ముత్యం, సోడా మూతల మీద అతికించిన బొమ్మ గుర్రాలను కిటికీ గట్టు మీద వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కదాని డొక్క మీద నోటితో ఊదుతున్నాడు. గుర్రం అంటే ఎంత, బొటనవేలి కణుపంత. దాని మీద నలుసంత దుమ్మున్నా అస్తరు, అంటే అడుగు పూత, పట్టదు. అస్తరు పట్టకపోతే పై రంగు పట్టదు.

కోరుట్లలో వినాయకుల్ని చేసే వాడకట్టు అది. ఇప్పటి సేటు శ్యాంసుందర్ తండ్రి ఉన్నప్పుడు ఈ షెడ్డులో తాటిచెట్టంత గణపతులు లేచేవి. కొడుకు చేతికి వచ్చాక గణపతులు పోయి ఈ సీసపు బొమ్మలు వచ్చాయి. దేశం కాని దేశంలో పెద్ద పెద్ద మనుషులు వీటిని బల్ల మీద పేర్చి, ఎప్పుడో అయిపోయిన యుద్ధాలను మళ్ళీ ఆడుకుంటారట.

"ముసలోళ్ళు బొమ్మలతోని ఆడుకునుడేందే, ఇంట్ల పెండ్లాలు కొట్టరా?" అని ముత్యం మొదట్లో నవ్వాడు. గట్టిగా నవ్వాడు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య బతికిన మనిషి, చెవులు మొద్దుబారాయి, మెల్లగా మాట్లాడటం ఆయనకు రాదు.

ఆయన పని అస్తరు వేయడమే. నాలుగు నల్ల ప్లాస్టిక్ బుడ్డీలు. వాటి మీది ఇంగ్లీషు రాతలు ఆయనకు రావు, కనుక తనే పేర్లు పెట్టుకున్నాడు: బొగ్గు, సున్నం, బూడిద, మన్ను. ఇనుప అంగీ సిపాయికి బొగ్గు. ఎర్రకోటుకు సున్నం, లేకుంటే ఎరుపు ఎండిన నెత్తురులా చచ్చిపోతుంది. నీలం కోటుకు బూడిద. గుర్రానికి మాత్రం మన్ను. మన్ను మీద వేస్తేనే గుర్రం ఒంట్లో వేడి కనబడుతుంది.

ఆ మాట చెప్పినప్పుడల్లా ఎల్లన్నను చూసి చెప్పేవాడు. ఎల్లన్న షెడ్డు వెనక మూలన కూచుని, అచ్చులోంచి వచ్చిన బొమ్మల అంచులను ఆకురాయితో గీకుతాడు. సీసపు పొడి గొంతులోకి పోయి రోజంతా దగ్గుతాడు. అక్కడ గాలి రాదు. గాలి, వెలుతురు, రెండూ ముత్యం కూచునే కిటికీ దగ్గరే.

"ఎల్లిగా, నీకు రంగులేం ఎరుకరా? నీ ఏలు గుర్రం కన్న లావుంటది" అనేవాడు ముత్యం.

ఇద్దరిదీ ఒకటే వయసు. అయినా ఎల్లన్న తండ్రిది కూలి బతుకు, వాళ్ళది ఊరి చివరి వాడ. కాబట్టి ముత్యం నోట ఎల్లన్న ఎన్నడూ ఎల్లన్న కాలేదు.

ఇటీవల ముత్యానికి ఒక సంగతి తెలిసింది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు. షుగరు కళ్ళ వెనక పొరను తినేసింది. ఆపరేషన్‌తో కూడా చూపు రాదని జగిత్యాల డాక్టరు చెప్పాడు. బొగ్గు తెలుస్తుంది, సున్నం తెలుస్తుంది. మన్నూ బూడిదా మాత్రం ఆయన కంటికి ఒకటే. చెబితే కిటికీ దగ్గరి పీట పోతుంది, షెడ్డు వెనక పడుకునే గదీ పోతుంది. భార్య వెంకటవ్వ చనిపోయాక సిరిసిల్లలో ఆయన కోసం తీసే తలుపు లేదు.

అందుకని బుడ్డీల మెడలకు దారం కట్టాడు. బూడిదకు ఒక ముడి, మన్నుకు రెండు. సాలోళ్ళు మగ్గం మీద తెగిన పోగుకు వేసే సన్నటి ముడి. వేలితో తడిమితే చాలు.

ఆ పొద్దున టీ తాగి వచ్చి కూచుని, రెండు ముళ్ళ బుడ్డీని తడిమి, ఆగిపోయాడు. ముళ్ళు రెండే ఉన్నాయి. కానీ అవి తనవి కావు. బర్రెను గుంజకు కట్టేసినట్టు మోటుగా ఉన్నాయి. రెండో బుడ్డీ దారమూ అంతే. దారాలు తెగితే ఎవరైనా మళ్ళీ కట్టారా, మార్చి కట్టారా? ఎవరు కట్టారని అడిగితే, దారంతో నీకేం పని అని అడుగుతారు.

రెండు బుడ్డీలనూ గట్టు మీద పెట్టేశాడు. తర్వాత పై రంగులు వేసే అమ్మాయిని పిలిచాడు. "దీవెనా, జర గా మన్ను బుడ్డి అందియ్యి బిడ్డా."

దీవెన గోడవైపు తిరిగి ఉంది, చెవుల్లో పాటలు. వినలేదు. లేచి వచ్చింది ఎల్లన్న. ఒక బుడ్డీ తీసి ముత్యం చేతిలో పెట్టాడు.

ముత్యం దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గొంతు తగ్గించాడు.

"ఎల్లన్నా, గిది మన్నేనా?"

ఎల్లన్న ఆయన ముఖంలోకి చూశాడు. ఆ పిలుపును కాసేపు నోట్లో బెల్లంముక్కలా ఉంచుకున్నట్టు కనిపించాడు.

"మన్నే అన్నా. మంచిగ పుయ్యి."

ముత్యం పూశాడు. జూలు సందుల్లో, కళ్ళెం కింద, పొట్ట అడుగున, ఎక్కడా గడ్డ కట్టకుండా, పల్చగా. ఒక్క గుర్రం మిగిలి ఉండగా శ్యాంసుందర్ ఫోను పట్టుకుని వచ్చాడు, బేరగాడికి వీడియో తీసి పంపడానికి.

"గిదేంది కాకా? గుర్రాలకు బూడిద పూసినవ్?"

ముత్యం కుంచె ఆగింది. నోరు మాత్రం తడబడలేదు. "బూడిద గుర్రాలుండయా సేటు?"

దీవెన కిసుక్కున నవ్వింది. శ్యాంసుందర్ కూడా నవ్వబోయాడు. మూలనుంచి ఆకురాయి చప్పుడు ఆగింది.

"ఆయిన బుజం మీది తువ్వాల ఏం రంగో అడుగు సేటు" అన్నాడు ఎల్లన్న.

శ్యాంసుందర్ నవ్వు పోయింది. తువ్వాలు సంగతి అడగలేదు. రెండు బుడ్డీలు తీసి, మెడలకున్న దారాలను గోరుతో తెంపి కింద పడేసి, మూతలు విప్పి ఎదురుగా పెట్టాడు. "ఏది మన్నో చూపియ్యి కాకా."

ముత్యం చెయ్యి రెంటి మీదా తిరిగింది. చివరికి ఒకదాని మీద ఆగింది. దీవెన తల దించుకుంది.

"మన్నే అంటివి గద ఎల్లన్నా" అన్నాడు ముత్యం.

"నేను గీకెటోన్ని. నాకు రంగులేం ఎరుక? నువ్వే అంటివి గద, ఎల్లిగా, నీకు రంగులేం ఎరుకరా అని."

శ్యాంసుందర్ కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది. "నాతోని ముందుగాలనే చెప్పకపోతివి కాకా. సర్లే. రేపు పొద్దుగాల సిరిసిల్ల బస్సెక్కు. ఎల్లన్న ఇల్లు కురుస్తదట, గా గదిల ఆయిన పంటడు" అని, ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దీవెన బూడిద గుర్రాలన్నిటినీ తీసుకుపోయి, రంగు వదలడానికి మందునీళ్ళలో వేసింది. ముత్యం పీట దిగలేదు. మిగిలిన ఒక్క గుర్రాన్ని తీసుకున్నాడు. తన చెయ్యి ఆగని బుడ్డీలో కుంచె ముంచాడు. చెయ్యి బరువెక్కి రంగు మందంగా పడింది. గుర్రాన్ని గట్టు మీద పెట్టి, కిటికీ చెక్కకు తల ఆనించాడు.

అన్నాల వేళ దాటాక ఎల్లన్న ఆకురాయి, గోనెపట్టా సర్దుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"జరుగు. బస్సు రేపైతేంది, పీట ఇయ్యాల్టిదే."

ముత్యం తల చెక్క మీదే ఉంది.

"అలిగినవా? పెద్ద పెండ్లికొడుకువు మరి." ఎల్లన్న దగ్గి, పక్కన గొంతుక్కూచున్నాడు. గాలి ముఖానికి తగిలింది. "జరుగొద్దంటే జరగకు. గా పొద్దుటి లెక్క ఇంకోపారి పిలువు. ఎల్లన్నా అను. అంటె నేనే పోయి సేటుకు చెప్త, దారాలు నేనే మార్చిన్నని. ఒక్కపారి అనరాదు?"

భుజం పట్టి కదిపాడు. తల చెక్క మీద నుంచి జారి ఎల్లన్న చేతిలోకి వాలింది.

దీవెన చెవుల్లోంచి పాటలు పీకేసి పరుగున వచ్చింది. ఆటో వచ్చింది. భుజం మీది తువ్వాలే ముఖం మీద కప్పి తీసుకుపోయారు. అది ఎర్ర తువ్వాలు.

పొద్దు వాలుతుండగా ఎల్లన్న ఆ పీట మీద కూచున్నాడు. దగ్గు రాలేదు. కాళ్ళ దగ్గర తెగిన దారాలున్నాయి. గట్టు మీది గుర్రం అప్పుడు కనబడింది. సరైన రంగే. అచ్చమైన మన్ను. ఆరిందనుకుని రెండు వేళ్ళతో ఎత్తాడు. ఆరలేదు.

దాన్ని మందునీళ్ళలో వేయమని ఎవరూ అనలేదు, ఎవరూ వేయలేదు. ఆ గుర్రం ఇప్పటికీ కిటికీ గట్టు మీదే ఉంది, మన్ను రంగులో, డొక్క నిండా ఒక లావుపాటి వేలిముద్రతో.