నిండుకున్న ఇల్లు

అయినా ఒళ్లు ఒప్పుకున్నంత మాత్రాన మనసు ఒప్పుకున్నట్టా, అనుకుంది వాపసక్క, భోజనాల విరామం ముగిశాక పై అంతస్తు నుంచి మెట్లు దిగుతూ. ఒంటిదేముంది, దేనికైనా ఒప్పుకుంటుంది. దానికి సిగ్గూ ఎగ్గూ ఉండవు. మెత్తగా ఉంటే చాలు, ఎవరి కుర్చీ అని అడగదు. ఆ వాలు కుర్చీలో తను కూర్చున్నది కాసేపే. అప్పటినుంచీ నడుము మెట్టు మెట్టుకీ దాన్నే తలుచుకుంటోంది, కొత్త కోడలు పుట్టింటిని తలుచుకున్నట్టు.

మంచమున్నంత వరకే కాళ్లు చాచుకోమన్నారు పెద్దలు. ఆ కుర్చీతో వచ్చిన చిక్కేమిటంటే, కాళ్లు చాచేకొద్దీ అదే పొడుగవుతుంది. ఇక సామెత ఎక్కడ నిలబడుతుంది?

చాలాకాలంగా పనిచేస్తున్న వాళ్లకి ఆ పెద్ద దుకాణం ఒక కానుక ఇస్తుంది. ఏ అంతస్తులోనైనా సరే, నచ్చిన వస్తువు చూపిస్తే బండిలో వేసి ఇంటికి పంపిస్తారు. ఈసారి వంతు వాపసక్కది. ఏం కావాలో ఈ సాయంత్రంలోగా చెప్పాలి. తోటివాళ్లు అప్పుడే ఆమె తరఫున కోరికలు కోరేశారు. ఫ్రిజ్ అడగమని ఒకరు, గోడంత టీవీ అడగమని ఒకరు. కుర్చీల విభాగంలో అమ్మాయి మాత్రం మాటలతో పని పెట్టుకోలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, రెండు భుజాలూ నొక్కి కూర్చోబెట్టి, పక్కనున్న మీట నొక్కింది. ప్రపంచం మెల్లగా వెనక్కి వాలింది.

వద్దని చెప్పడం ఆమెకి పెద్ద పని కాదు. ఎన్నో ఏళ్లుగా చెప్తూనే ఉంది. కానీ ఇన్నాళ్లూ అక్కర్లేదు కాబట్టి వద్దంది. ఇవాళ కావాలనిపించింది. కావాలనిపించినదాన్ని వద్దనడం వేరే విద్య. అందులో తనకి ఓనమాలు కూడా రావు.

ఆమె పనిచేసే కౌంటరు నేలమాళిగలో ఉంటుంది, సరుకు దించే తలుపు పక్కన. కొన్నవాళ్లు తిరిగి తెచ్చిన వస్తువుల్ని అక్కడ తీసుకుంటారు. ఆ వాపసు కౌంటరులోనే ఉద్యోగంలో చేరింది, అక్కడే ఉండిపోయింది. అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. మేనేజరు దగ్గర్నుంచి కాపలా మనిషి దాకా అందరికీ వాపసక్కే.

కొనేటప్పుడు మనుషులు గట్టిగా మాట్లాడతారు, తిరిగిచ్చేటప్పుడు గొంతు తగ్గిస్తారు. సైజు సరిపోలేదంటారు. ఇంట్లో చీవాట్లు పడ్డాయని దానర్థం. రంగు బాగాలేదంటారు. దుకాణం దీపాల కింద కనిపించినంత అందంగా ఇంటి అద్దంలో కనిపించలేదని దానర్థం. ఎవరేం చెప్పినా ఆమె జవాబు ఒకటే: "పర్లేదండి, ఇలా ఇవ్వండి." ఆ మాటతో ఎదుటివాళ్ల భుజాలు కిందికి దిగుతాయి, డాక్టరు మామూలు జలుబేనని తేల్చినప్పుడు దిగినట్టు. అది చూడటం ఆమెకి ఇష్టం.

పై అంతస్తుల్లో కోరికలు పుడతాయి, కింద అవి చల్లారి తన చేతికొస్తాయి. చల్లారినవాటినే చూసీ చూసీ కాబోలు, వేడి మీద ఉన్నవాటి జోలికి ఆమె పోలేదు.

ఇంటి దగ్గర రెండు గదులు. కిటికీ పక్కన ఒక కుర్చీ. దాని పట్టీలు తెగితే తనే మళ్లీ అల్లుకుంది. గొడుక్కి ఒక ఏడాది గుడ్డ మారింది, తర్వాత ఊచలు మారాయి, ఆపైన పిడి మారింది. మొదటి గొడుగు అందులో ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు, వానకి మాత్రం అదే గొడుగు. గుడ్డలకైతే పదవులుంటాయి. దుప్పటిగా ఉద్యోగంలో చేరినది నడిమికి చిరిగితే దిండు గలేబవుతుంది. గలేబు పలచబడితే తుడుపుగుడ్డ. అక్కడినుంచి మసిగుడ్డ. ఆ తర్వాతే విశ్రాంతి.

పిసినారి అని కొందరు అనుకుంటారని ఆమెకి తెలుసు. అనుకోనీ. పిసినారికి ఉన్నది పోతుందేమోనన్న బెంగ. ఆమెకి బెంగే లేదు. తన ఇంట్లో తను ఎరగని వస్తువు లేదు, అంతే. కళ్లు మూసుకున్నా చెయ్యి నేరుగా గ్లాసు మీదికి వెళ్తుంది. పని నుంచి వచ్చి, టీ పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చుంటే గదిలో ఏదీ ఆమెని పిలవదు. నన్ను తుడువు అనదు, నన్ను వాడు అనదు, నన్ను నలుగురికీ చూపించు అనదు. వస్తువులన్నీ వాటి పాటికి అవి, ఆమె పాటికి ఆమె. ఆ కాసేపు కోసం రోజంతా నిలబడొచ్చు.

మరి ఆ నడుమేమిటి, ఇంకా సణుగుతోంది?

అందని ద్రాక్షలు పుల్లనన్న నక్కని అందరూ వెక్కిరిస్తారు. ద్రాక్షగుత్తి తనంతట తనే ఒళ్లో పడ్డ నక్క సంగతి ఎవరూ చెప్పలేదు. పాపం, అదేం చేయాలి? తింటే ఇన్నాళ్లూ అబద్ధమాడినట్టు. తినకపోతే ఇప్పుడు అబద్ధమాడుతున్నట్టు.

వరసలో ఇద్దరు ముగ్గురిని పంపించేసరికి ఎదురుగా చెల్లెలు నిలబడి ఉంది, చేతిలో అట్టపెట్టెతో.

చెల్లెలి ఇల్లు దుకాణానికి దగ్గరే, పెద్ద అపార్ట్‌మెంటు. వారం వారం ఏదో ఒకటి కొంటుంది, వారం వారం ఏదో ఒకటి తిరిగిస్తుంది. అక్క ఇక్కడే ఉంది కదా అని ముందుకు తోసుకు రాదు, అందరితోపాటు వరసలోనే నిలబడుతుంది.

"ఈసారి ఏం తెచ్చావే?"

"కప్పులు. రంగు నప్పలేదు."

"దేనికి నప్పలేదు?"

"టేబుల్‌కి."

"ఆ టేబులూ ఇక్కడిదేగా. అదీ తెచ్చెయ్యకపోయావా."

"తెద్దును. లిఫ్టులో పట్టదని ఆగాను."

వెనక ఎవరూ లేకపోవడంతో చెల్లెలు కౌంటరు మీద మోచేతులాన్చి కబుర్లలో పడింది. ఓడల మీద పనిచేసే భర్త ఎక్కడో నడి సముద్రంలో ఉన్నారట, ఫోను సరిగా అందడం లేదట. హాస్టల్లో చేరిన కూతురికి అక్కడ బాగా అలవాటైపోయిందట, సెలవులకి కూడా స్నేహితురాళ్లతోనే ఉంటానంటోందట. మంచిదే కదా అక్కా, బెంగపెట్టుకుని ఏడుస్తూ కూర్చోకుండా, అంది. అంటూనే పెట్టె మీది అంటుకాగితాన్ని గోటితో లేపుతూ, మళ్లీ అతికిస్తూ ఉంది. తర్వాత కానుక సంగతికొచ్చింది. పైన ఎవరో చెప్పినట్టున్నారు, అప్పుడే ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకుంది.

"నీకెలాగూ ఏమీ అక్కర్లేదు కదా. ఓ పెద్ద అల్మరా అడుగు. అడిగి నాకిచ్చెయ్. సామాను పెట్టుకోడానికి చోటు లేక చస్తున్నా. ఇల్లంతా నిండుకుందక్కా."

పెట్టెలోంచి తీసిన కప్పు వాపసక్క చేతిలో ఆగిపోయింది.

చిన్నప్పుడు వాళ్లింట్లో ఏదీ అయిపోయేది కాదు. అమ్మ ఒప్పుకునేది కాదు. ఉప్పు డబ్బా అడుగు కనిపించినా, నూనె సీసా తలకిందులు చేస్తే చుక్క రాలకపోయినా, లేదన్న మాట వినపడకూడదు, నిండుకుందనాలి. ఊహ తెలియని వయసులో చెల్లెలు ఆ మాటని అక్షరాలా నమ్మేది. చక్కెర నిండుకుందని అమ్మ అనడం ఆలస్యం, చెంచా పట్టుకుని డబ్బా దగ్గరికి పరిగెత్తేది. మూత తీసి, లోపలికి చూసి, మోసపోయినదాన్లా ఏడుపు లంకించుకునేది. ఇల్లంతా నవ్వేవాళ్లు.

"నిండిపోయింది అనాలే," అంది వాపసక్క అలవాటు కొద్దీ. "నిండుకుందంటే అయిపోయిందని."

"ఏదో ఒకటిలే. అర్థమైంది కదా."

చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు చివరిదాకా రాలేదు. సగం దారిలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పెట్టె మీది అంటుకాగితం వైపు తిరిగిపోయింది.

"అర్థమైంది," అంది అక్క.

నిజంగానే అర్థమైంది, ఆలస్యంగా. నోరు జారిందంటాం కానీ, జారిన చోటే మనిషి లోపలి నేల కనిపిస్తుంది. వారం వారం తెచ్చే ఆ పెట్టెల్లో ఒక్కదాని రసీదు పోలేదు, ఒక్కదాని అట్ట చిరగలేదు. చెల్లెలికి కొనే పిచ్చి ఉందనీ, తిరిగివ్వడం దానికి తోక అనీ ఇన్నాళ్లూ అనుకుంది. తోక అనుకున్నదాన్ని పట్టుకుని చూస్తే అదే తల. చెల్లెలు వస్తున్నది తిరిగివ్వడానికి. కొంటున్నది, తిరిగివ్వడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలని. పర్లేదండి, ఇలా ఇవ్వండి అనే మనిషి ముందు కాసేపు నిలబడటానికి.

మరి సరాసరి ఇంటికే రావచ్చు కదా? ఎప్పుడో ఒకసారి వచ్చింది. మీ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలే అక్కా, అని నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత మళ్లీ రాలేదు, తనూ గమనించలేదు. తన ఇల్లు తనకి చాలు. ఆ చాలు అన్న మాట ఎప్పుడూ నిజమే. దాని కొలత మాత్రం ఒక్క మనిషికి సరిపడా తీసుకుంది.

అప్పుడు నడుము సంగతి కూడా తేలిపోయింది. అది తలుచుకుంటున్నది మెత్తటి తోలునీ కాదు, మీటనీ కాదు. రా, కూర్చో అన్నట్టు రెండు భుజాల మీదా చేతులు వేసి కూర్చోబెట్టారు చూడు, దాన్ని. ఎన్నాళ్లయింది తనని ఎవరైనా అలా కూర్చోబెట్టి? ఆమెకి లోపల్లోపల నవ్వొచ్చింది. వస్తువు మంచిదే, అది చిరునామా తప్పుగా పడ్డ కోరిక, అనుకుంది. నక్కకి కావలసింది ద్రాక్షలు కాదు, పక్కన ఇంకో నక్క.

కప్పుల్ని ఒక్కొక్కటిగా చూసి, బీటలు లేవని నిర్ధారించుకుని, వాపసు తీసుకుంది. పని పనే.

ఈలోగా ఫ్లోర్ మేనేజరు మెట్లు దిగి వచ్చాడు.

"ఏం వాపసక్కా, తేల్చారా? కుర్చీయే కదా? మీరు అందులో కూర్చున్నప్పుడు మీ మొహం చూడాల్సిందేనని పైన అమ్మాయి ఒకటే చెప్తోంది."

"కుర్చీ బాగుందండి. చాలా బాగుంది," అంది ఆమె. "వద్దు."

బాగాలేదు కాబట్టి వద్దనే వాళ్లని దారికి తెచ్చే విద్య అతనికి వచ్చు. బాగుంది, వద్దు అనే మనిషి ఎదురయ్యేసరికి కాస్త తడబడ్డాడు. కానుక వద్దంటే పైవాళ్లు ఏమనుకుంటారో అన్నాడు. రేపు ఇంకొకరికి ఇవ్వాలంటే ఇబ్బంది కదా అన్నాడు. కనీసం ఫొటో కోసమైనా ఏదో ఒకటి పట్టుకోమని బతిమాలాడు.

"అయితే ఈ పూట సెలవివ్వండి. కానుక అదే అనుకుంటాను."

"సెలవులు మనం ఏ అంతస్తులోనూ అమ్మడం లేదమ్మా."

"అందుకే అడుగుతున్నా."

మేనేజరు కాసేపు బుర్ర గోక్కున్నాడు. కౌంటరు చూశాడు, ఆమెని చూశాడు, పెట్టె లేని చేతులతో ఏం చేయాలో తెలియక నిలబడ్డ చెల్లెల్ని చూశాడు.

"మరి ఇక్కడెవరు కూర్చుంటారు?"

"మీరే. కష్టమేం కాదు, ఎవరేం చెప్పినా నమ్మండి చాలు."

"సరే, కానివ్వండి. కానీ సెలవుకి గ్యారంటీ ఉండదు, వాడాక వాపసు తీసుకోం," అన్నాడు. అతను ఇన్నేళ్లలో వేసిన జోకులన్నిట్లో నవ్వొచ్చింది అదొక్కటే.

వాపసక్క చెల్లెలి వైపు తిరిగింది. అడగబోయే మాట నోట్లోనే కాస్త అడ్డం తిరిగింది. వద్దనడం వచ్చు, పర్లేదనడం వచ్చు. ఇవ్వు అనడం ఎప్పుడో మానేసిన పని.

"మీ డైనింగ్ టేబుల్ చుట్టూ కుర్చీలున్నాయి కదే. వాటిలో ఒకటి నాకివ్వు."

చెల్లెలు అక్క మొహంలోకి అనుమానంగా చూసింది. "నువ్వేనా అడుగుతోంది?"

"నాక్కాదు. నా కుర్చీకి ఎదురుగా వేస్తా. నువ్వొచ్చినప్పుడు కూర్చుందువుగాని."

చెల్లెలు ముక్కు ఒకసారి ఎగపీల్చింది.

"కొత్తది ఊరికే ఇస్తామంటే కాదని, నా కుర్చీ మీద కన్నేశావా," అంది. "దానికింకా ప్లాస్టిక్ తొడుగైనా తియ్యలేదు తెలుసా?"

"తీద్దాం పద."

రోజూ ఆమె వచ్చేదీ వెళ్లేదీ వెనక గోదాము తలుపు గుండానే. కౌంటరుకి ఆ చివర పైకి లేచే చెక్క ఒకటుంది, పెద్ద పెద్ద సామాన్లు లోపలికి తీసుకోవడానికి. దాన్ని మనుషులు వాడరు. వాపసక్క సంచి భుజాన తగిలించుకుని అటు నడిచింది. బిగుసుకుపోయి ఉన్న గడియ తీసి, చెక్కని రెండు చేతులతో పైకెత్తి, తల కొద్దిగా వంచి, చెల్లెలు నిలబడ్డ వైపుకి వచ్చింది.