గుమ్మం రాసినవాళ్లు

బస్సులు, రైళ్లు ఎప్పుడొస్తాయో చెప్పడం మా కంపెనీ పని. పొద్దున్న ఏడయ్యేసరికి లక్షమంది ఒకేసారి ఫోను తీసి "నా బస్సు ఎక్కడుంది?" అని అడుగుతారు. అడిగిన ప్రతి ఒక్కరి కోసం మొదటినుంచీ లెక్క కట్టి చెప్పాలంటే లోపలి సర్వర్లు ఎనిమిదింటికల్లా చేతులెత్తేస్తాయి. అందుకని వాటి ముందు ఇంకో సర్వరు పెట్టాం. ఒకసారి చెప్పిన జవాబు అది గుర్తుపెట్టుకుంటుంది. రెండోవాళ్లు వచ్చి అదే అడిగితే లోపలికి పోకుండా తనే చెప్పి పంపేస్తుంది. ఈ రకం వాటిని క్యాషింగ్ ప్రాక్సీ అంటారు. మేం దానికి గుమ్మం అని పేరు పెట్టుకున్నాం. ఇంట్లోవాళ్ల నిద్ర చెడగొట్టకుండా వచ్చినవాళ్ల పని వాకిట్లోనే చక్కబెట్టేస్తుంది మరి.

పదకొండేళ్ల కిందట దాన్ని మొదలుపెట్టింది నేను. ఈ ఏడాది కంపెనీవాళ్లు ఇదే పని చేసే రెడీమేడ్ సరుకు బయటినుంచి కొని తెచ్చారు. నెలాఖరుకి గుమ్మం ఆపేస్తామన్నారు. మా ఆరుగురినీ ఆరు జట్లలోకి పంచేస్తారట. పంచుకుంటే పంచుకోండి, నాకేం బాధ లేదు. పదకొండేళ్లు లక్షలమందికి జవాబు చెప్పినదాన్ని మూట కట్టి అటక మీద పారేస్తామంటే మాత్రం నాకు ఒళ్లు మండింది. తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్లి, "మీకు అక్కర్లేకపోతే లోకానికి ఇచ్చేయండి. కోడంతా బయటపెడదాం. కావలసినవాళ్లు వాడుకుంటారు, దిద్దుకుంటారు" అన్నాను.

ఆయన మంచివాడే కానీ తొందర మనిషి. "మన కంపెనీ లాయరమ్మ సరేనంటే నాకూ సరే. నెలాఖరులోపు కానివ్వండి. ఆ తర్వాత మీలో ఎవరికీ తీరిక ఉండదు, నన్ను అడగొద్దు" అన్నాడు. అప్పటికి మా చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు.

మా జట్టుకి ఒక ఆచారం ఉంది. రాసినవాళ్లు లేచి నిలబడి, తాము రాసింది ప్రతి లైనూ పైకి చదవాలి. వినేవాళ్లలో ఎవరైనా "ఎందుకు?" అనొచ్చు. జవాబు చెప్పలేకపోతే ఆ లైను బయటికి వెళ్లడానికి వీల్లేదు. గొంతు కీచుమన్నా సరే, కాళ్లు పీకినా సరే, కూర్చోకూడదు. పక్క జట్లవాళ్లు అద్దాల తలుపులోంచి చూసి, బడిలో పాఠం అప్పజెబుతున్నారని నవ్వేవాళ్లు. నవ్వనీ. వాళ్ల సర్వర్లు పడిపోయినన్నిసార్లు మా గుమ్మం పడిపోలేదు.

లోకానికి ఇచ్చేముందు మొత్తం పన్నెండు వేల లైన్లూ అలాగే చదవాలని తీర్మానించాం. లాయరమ్మ కూడా వచ్చి కూర్చుంది. పొట్టి జుట్టు, మెడలో గొలుసుకి కళ్లజోడు, ఒడిలో పెద్ద కాగితాల కట్ట. ఏ ఫైలు ఎవరు రాశారో చూసుకుంటూ టిక్కులు పెడుతుంది. కోడు మధ్యలో మేం రాసుకున్న వ్యాఖ్యలు వినబడ్డప్పుడల్లా కళ్లజోడు పైకి తోసేది. "ఇక్కడ వేలు పెట్టకు, నేను పెట్టి ఏడ్చాను", "పైన లైను రాసింది మీ బాస్, నవ్వకు", ఇలాంటివి.

"ఇవి కూడా విడుదల చేస్తారా?" అంది.

"ఎవరి పేరూ లేదు కదండీ" అన్నాను.

"సరే, ఉండనివ్వండి" అని మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంది.

ఎనిమిది రోజులు సాఫీగా గడిచాయి. తొమ్మిదోరోజు 'సర్దుడు' అనే ఫైలు వంతు వచ్చింది. గుమ్మానికి ప్రాణం అదే. గుర్తుపెట్టుకునే చోటు నిండిపోయినప్పుడు ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో తేల్చేది ఆ మూడువందల పన్నెండు లైన్లే. పేరు నాది. మా చదివే ఆచారం మొదలవకముందు వచ్చింది కాబట్టి దాన్ని ఎప్పుడూ ఎవరూ నిలబడి చదవలేదు.

నిలబడి మొదలుపెట్టాను. నలభయ్యో లైనులో ముప్పై ఏడు అనే అంకె ఉంది. మా టెస్టరు చెయ్యెత్తాడు. అతన్ని అందరం డౌటు అని పిలుస్తాం. పేరు పెట్టింది మేమే కానీ దానికి తగ్గట్టు బతుకుతున్నది అతను.

"మేడమ్, ముప్పై ఏడే ఎందుకు?"

గదిలో అందరూ ముందుకి వంగారు. ఆ అంకె మా ఆఫీసులో చాలా పేరున్న అంకె. ముప్పై ఆరు పెట్టి చూశారు, ముప్పై ఎనిమిది పెట్టి చూశారు, రెండిటికీ గుమ్మం నెమ్మదించింది. మా జట్టులో పెద్ద చదువులాయన దాని మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు, బొమ్మలతో సహా. ఆ రోజు నేను ముందు వరసలో కూర్చుని, అన్నీ తెలిసినదానిలా తలాడించాను.

ఈ రోజు తలాడిస్తే సరిపోదు. నాకు జవాబు తెలియదు. పదకొండేళ్లలో ఎన్నడూ తెలియదు.

"ఇది నేను రాయలేదు" అన్నాను. "మా వదిన రాసింది. మా ఆయన అక్క. కంపెనీ మనిషి కాదు. లైబ్రరీలో పనిచేస్తుంది."

లాయరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

జరిగింది చెప్పాను. గుమ్మం పెట్టిన మొదటి నెల. చోటు నిండగానే పనికొచ్చేవన్నీ పారేసి, పనికిరానివి దాచుకునేది. ఆదివారం వదినగారింటికి వెళ్లి మొహం మాడ్చుకుని కూర్చుంటే, సంగతేంటని ఆవిడ అడిగింది. చెప్పాను. "మా లైబ్రరీలో రోజూ ఇదే గొడవ" అంది. లైబ్రరీకి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే ప్రోగ్రాం రాయాలని నలభయ్యో ఏట కోడు నేర్చుకున్న మనిషి ఆవిడ. వారం తిరక్కుండా ఈ మూడువందల పన్నెండు లైన్లు రాసి పంపింది. సోమవారం పెట్టాను. గుమ్మం గుర్రంలా పరిగెత్తింది. బయటివాళ్ల కోడు పెట్టకూడదని నియమం, అందుకని భయపడి నా పేరు వేశాను. అప్పటి బాస్ వచ్చి భుజం తట్టాడు. నోరు మూసుకున్నాను. మొదట భయం వల్ల మూసుకున్నాను. తర్వాత ఆ మెప్పు రుచి మరిగి మూసుకున్నాను. దాని కోసమే నాకు కంపెనీ సన్మానం కూడా చేసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరూ చప్పట్లు కొడితే వదిన కూడా కొట్టింది.

లాయరమ్మ నెమ్మదిగా అంది: "ఆవిడ రాసింది ఆవిడది. కంపెనీది కాదు. కంపెనీది కానిదాన్ని కంపెనీ ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు."

"ఆ ఫైలు తీసేసి మళ్లీ రాస్తే?" డౌటు అడిగాడు.

"మూడు రోజుల్లోనా? అదీ పదకొండేళ్లు చూసిన కళ్లతో? దాన్ని కాపీ అంటారు." నా వైపు తిరిగింది. "ఆవిడ సంతకం కావాలి. మీ రికార్డుల్లో రాసినవాళ్ల పేరు దిద్దాలి. మీ చేత్తో, మీ సంతకంతో. లేదంటే ఇక్కడితో ఆపేద్దాం."

గుమ్మం అటకెక్కడానికి కారణం నేనే అవుతున్నాను. బయటికొచ్చి మా ఆయనకి ఫోను చేసి, వదిన రాసినదాన్ని నా పేరుతో చెలామణీ చేశానని చెప్పాను.

"అక్కకి తెలీదనుకుంటున్నావా ఏంటి?" అన్నాడు.

"మీకు తెలుసా?"

"నాకెప్పుడో తెలుసు. మీ ఇద్దరి మధ్యా నేను వేలు పెట్టనని ఒట్టేసుకున్నా. ఇప్పుడూ పెట్టను. వెళ్లి మాట్లాడు."

మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లాను. వదిన ముందు బల్ల దగ్గర నిలబడి, తిరిగొచ్చిన పుస్తకాలు ట్రాలీలో పేరుస్తోంది. నన్ను చూసి, "ఈ వేళప్పుడు వచ్చావేంటి? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?" అంది.

బాగానే ఉన్నారని, ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. తప్పయిపోయిందన్నాను. ఆవిడ రెండు పుస్తకాలు అటూ ఇటూ మార్చింది.

"ఆ రోజు మీ ఇంట్లో చప్పట్లు కొట్టాను చూడు" అంది చివరికి. "అరచేతులు మండాయే నాకు. ఇంటికెళ్లి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నాకు సన్మానాలేం అక్కర్లేదు. నలుగురిలో ఒక్కసారి, 'ఇది మా వదిన రాసింది' అని ఉంటే నీ సొమ్మేం పోయేది?"

ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే ఇంకా సిగ్గుపడేదాన్ని.

"సంతకం పెట్టను" అంది.

తలొంచుకుని వెనక్కి తిరిగాను.

"అంటే ఊరికే పెట్టను. మీ ఆఫీసులో రాసినవాళ్లే నిలబడి చదవాలని ఎప్పుడో చెప్పావు కదా. నేను వచ్చి చదువుతాను. అందరి ముందూ. ఆ తర్వాత పెడతాను. నా పేరు కూడా పూర్తిగా వెయ్యాలి, పొడి అక్షరాలు కాదు. నాకేం మొహమాటం లేదు."

"రేపు పదింటికి రండి వదినా" అన్నాను.

మర్నాడు పదికి ఐదు నిమిషాలు ఉండగానే వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర, చేతిలో సంచి, అందులోంచి తీసిన పాత నోటుబుక్కు. ముందురోజే నేను రికార్డుల్లో మూడువందల పన్నెండు లైన్ల దగ్గరా నా పేరు కొట్టేసి ఆవిడ పేరు వేశాను. ఆవిడ గోడ మీది తెర దగ్గరికెళ్లి, తన పేరు పూర్తిగా ఉందో లేదో చూసుకుంది. తర్వాత గొంతు సవరించుకుంది.

ఎలా చదివిందనుకున్నారు! పిల్లలకి కథ చెప్పినట్టు చదివింది. నలభయ్యో లైను దగ్గరికి రాగానే డౌటు చెయ్యెత్తాడు. పెద్ద చదువులాయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ముప్పై ఏడా?" అంది వదిన. "తిరిగొచ్చిన పుస్తకాన్ని వెంటనే వెనకగదికి పంపం బాబూ. ముందు బల్ల దగ్గరే ఉంచుతాం. ఎవరైనా మళ్లీ అడిగితే అక్కడే ఇంకో అరలో నిలుస్తుంది. అడక్కపోతే వెనక్కి పోతుంది. ముందు బల్ల దగ్గర వంద పుస్తకాలకే చోటు. అప్పుడే వచ్చినవాటికి ఎన్ని, మళ్లీ అడిగినవాటికి ఎన్ని అని, ఇది రాయకముందే, నాలుగు నెలలు రోజూ మార్చి మార్చి లెక్క రాశాను. ఇదిగో, ఈ పుస్తకంలోనే. వచ్చినవాటికి ముప్పై ఏడు వదిలినప్పుడు నేను వెనకగదికి తిరగడం అన్నిటికన్నా తగ్గింది. అది నా మోకాళ్లు చెప్పిన లెక్క."

అందరికన్నా ముందు పెద్ద చదువులాయనే నవ్వాడు. లేచి వచ్చి, "ఆ నోటుబుక్కు ఒకసారి చూడనిస్తారా అమ్మా?" అని రెండు చేతులూ చాపాడు.

రెండువందల ఆరో లైను దగ్గర ఆవిడే ఆగిపోయింది. ఓసారి చదివింది, మళ్లీ చదివింది. "ఇది ఎందుకు రాశానో నాకే తెలీడం లేదు. కింది లైనూ అంతే. తీసెయ్యండి" అంది. తీసేసి పరీక్షించాం. గుమ్మం ఏమాత్రం తొణకలేదు. ఇంత కాలం ఆ రెండు లైన్లనీ ముట్టుకోవడానికి హడలిపోయినవాళ్లం మేమందరం.

మూడువందల పది లైన్లు అయ్యాయి. లాయరమ్మ పెన్ను అందించింది. వదిన సంతకం పెట్టింది, పూర్తి పేరుతో, కింద గీత గీసి మరీ.

నెలాఖరు రోజు పొద్దున్న పదకొండున్నరకి, డైరెక్టరూ, పక్క జట్లవాళ్లూ గది నిండా నిలబడి ఉండగా, గుమ్మాన్ని లోకానికి విడుదల చేశాం. రాసినవాళ్ల జాబితాలో ఏడు పేర్లున్నాయి. ఎవరు ముందు రాస్తే వాళ్లు ముందు కాబట్టి మొదటిది నాది, రెండోది ఆవిడది. మీట నొక్కింది నేను. పక్కనున్న వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగేలా. చప్పట్లకి అద్దాల తలుపు అదిరింది. అంత సంతోషం నాకు సన్మానం రోజున కలగలేదు, ఒట్టు.

మూడు వారాలకి మొదటి ఉత్తరం వచ్చింది. ఎక్కడో దూరాన ఒక బడి. రెండువందల మంది పిల్లలు, సన్నటి ఇంటర్నెట్టు తీగ ఒక్కటి. ఒక్కో పాఠం తెరుచుకోవడానికి పావుగంట పట్టేదట. గుమ్మం పెట్టాక రెప్పపాటులో తెరుచుకుంటోందని టీచరమ్మ రాసింది. కోడంతా చదివిందట. 'సర్దుడు' ఫైలు చూసి అబ్బురపడ్డానని, ఈ ఉత్తరం దాన్ని రాసినావిడకి చేర్చమని కోరింది. పిల్లలందరూ సంతకాలు పెట్టిన కాగితం ఫొటో తీసి జతచేసింది.

నా పేరు ఎక్కడా లేదు. కుళ్లు పుట్టిందా అంటే, పుట్టింది. ఓ పది నిమిషాలు. తర్వాత ఆ సంతకాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఒకటి తలకిందులుగా ఉంది, ఒకటి కాగితం అంచు దాటిపోయింది. అటక మీద మూట కట్టి ఉంటే ఇవేవీ లేవు కదా అనుకున్నాను. ఉత్తరం వదినకి పంపాను.

వెంటనే ఫోను చేసింది.

"జవాబు రాస్తున్నాను" అంది. "ఆ మూడువందల పది లైన్లు నావేనని రాశాను."

"రాయండి వదినా. మీవే కదా."

"ఆగు, పూర్తిగా వినవే. అవి నిలబడటానికి గుమ్మం కట్టింది మా మరదలని, దాన్ని అటకెక్కనివ్వకుండా ఆఫీసువాళ్లని ఎదిరించి బయటికి తెచ్చిందీ అదేనని కూడా రాశాను. నీ పేరు ఎలా వెయ్యమంటావు, పూర్తిగానా, పొడి అక్షరాలా?"

"పూర్తిగా" అన్నాను. నాకూ ఏ మొహమాటం లేదు.