ఎదురెదురు ఇంజన్లు

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. బట్టలు కుట్టే మన ఇల్లాలికి మాత్రం అసలు మొగుడికన్నా అతని అక్కగారంటేనే ఎక్కువ ఇష్టం. పెళ్ళీ పెటాకులూ లేని ఆ అక్కగారు ముప్పయ్యేళ్ళపాటు రైల్వే కేబిన్లో మీటలు లాగి బళ్ళకు దారి ఇచ్చింది. మొన్ననే రిటైరై క్వార్టర్ ఖాళీ చేసింది. "వారం ఉండి వెళ్తాను. ఒంటిగది చూసుకుంటాను, ఎవరికీ బరువు కాను" అని ముందే చెప్పి మరీ తమ్ముడింటికి వచ్చింది.

వారం దాటి ఆవిడ ఇక్కడే ఉండిపోవాలని మరదలి పట్టు. మరదలు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అందుకే వదిన రాకముందే హాలు గోడకు పాతకాలపు ఆవిరి ఇంజన్ల ఫొటోలు రెండు తగిలించింది. నలుపూ తెలుపూ, ఒక్కోటి తలుపు రెక్కంత. టేపుతో కొలిచి, సుద్దతో గుర్తు పెట్టి, చొక్కా కాలరు రెండు కొసలూ కుదిర్చినట్టు రెండు ఇంజన్ల మొహాలూ ఎదురెదురుగా వచ్చేట్టు పక్కపక్కన పెట్టింది. అంగుళం తేడా వస్తే మరదలికి అన్నం సహించదు.

వదిన చూసి "బాగున్నాయి" అంది. అంతే, మళ్ళీ హాల్లో కూర్చోలేదు. కాఫీ కూడా వంటింట్లో నిలబడే తాగింది. మూడో రోజుకల్లా సంచి సర్ది వీధిగుమ్మం పక్కన పెట్టేసింది.

మరదలికి ఏడుపు ముంచుకొచ్చింది. "నేనేం తప్పు చేశానో చెప్పి వెళ్ళండి వదినా."

"నీ తప్పేం లేదమ్మా." వదిన సిగ్గుపడుతూ గోడవైపు చూపించింది. "ఆ రెండూ ఒకే లైను మీద ఎదురెదురుగా వస్తున్నాయి. నా ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి కూడా అలా కానివ్వలేదు. అటు చూస్తే చాలు, మీట కోసం చెయ్యి లాగేస్తోంది."

బొమ్మలే కదా అనబోయి మరదలు నాలుక కరుచుకుంది. బస్సులో ముందు సీటాయన చొక్కాకి వంకర కుట్టు కనబడితే తనకు మాత్రం నిద్ర పడుతుందా?

"ఒకదాన్ని ఎదుటి గోడకు మార్చేద్దాం" అంది.

వదిన గోడలనూ గుమ్మాన్నీ తేరిపార చూసింది. "ఎదుటి గోడకెక్కితే బండి మొహం అటు తిరిగిపోతుంది. ఎడమ పక్కది మారిస్తే రెండూ వీధిలోకి పోతాయి. కుడి పక్కది మారిస్తే రెండూ ఇంట్లోకి వస్తాయి. ఏది మార్చను?"

"దారి ఇచ్చేది మీరు. నన్నడిగితే ఎలా?"

సుత్తి చేతిలో పెట్టి మరదలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాలు పొయ్యి మీద ఉన్నాయన్న మాటే గాని ప్రాణమంతా హాల్లోనే ఉంది. నాలుగు దెబ్బలు వినిపించాయి. తర్వాత ఏదో ఈడ్చిన చప్పుడు. పాలు పొంగిపోయాయి కూడా.

తొంగి చూస్తే గుమ్మం దగ్గర సంచి లేదు. కుడి పక్క బొమ్మ ఎదుటి గోడ మీదుంది, ఓ అంగుళం వంకరగా. వదిన హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, సంచి కాళ్ళ దగ్గర విప్పుకుని, దర్జాగా కూర్చుంది.

"కాఫీ ఇక్కడికే తీసుకురా అమ్మాయ్. బళ్ళు లోపలికొచ్చేశాయి."

ఆ అంగుళం వంకరను మరదలు ఈనాటికీ సరిచేయలేదు.