లెక్కల పీరియడ్‌లో సాక్ష్యం

పెన్నులు కొనడమే పొరపాటు, అదీ కర్నూలు దాకా పోయి, బేరమాడి మరీ నలభై, సరైన జవాబు చెప్పినవాళ్లకు తలా ఒకటి అని ప్రకటించిన రోజు అరుణ్ కుమార్‌కు తనంత తెలివైన లెక్కల మాస్టరు జిల్లాలోనే లేడనిపించింది, తీరా చూస్తే ఇచ్చిన పెన్నులన్నీ ముందు బెంచీ నలుగురి జేబుల్లోకే పోయాయి, మిగతా ముప్పై మంది చేతులు దించేశారు, స్తుతి అనే పిల్ల చెయ్యి అందరికంటే ముందు దిగింది, ఇప్పుడు అదే చేతిలో సుద్దముక్క ఉంది, బోర్డు మీద మూడు ఎక్స్ మైనస్ ఏడు ఈజ్ ఈక్వల్ టు పదకొండు, తలుపు దగ్గర కుర్చీలో హెడ్మాస్టరు ఓబులేసు, ఆయన ఒళ్లో తొమ్మిది పేర్ల జాబితా, మొదటి పేరు స్తుతి, వీళ్లకు లెక్కలు ఎక్కవప్పా, పక్క గదిలో కూర్చోబెట్టి గైడు బట్టీ పట్టిస్తాం, పాసైతే సాలు అని ఆయన నిన్ననే తేల్చేశాడు, ఒక్క పీరియడ్ ఇవ్వండి సార్, స్తుతి నోరు విప్పకపోతే నేనే తీసుకెళ్లి ఆ గదిలో దించుతా అని అరుణ్ కుమార్ కూడా అనేశాడు, ఎందుకన్నాడంటే ఆదివారం చర్చిలో చూశాడు కాబట్టి, ఈ స్తుతే రెండొందల మంది ముందు లేచి, తన తప్పు తానే ఒప్పుకుంటూ సాక్ష్యం చెప్పింది, మాయమ్మకు అబద్ధం చెప్తి, మూడు దినాలు అన్నం దిగల్యా, మళ్లా పోయి నిజం చెప్పేస్తి అని, ఒక్క మాట తడబడకుండా, ఎవరూ నవ్వలేదు, స్తోత్రం స్తోత్రం అంటూ ముందుకు వంగి విన్నారు, అందుకే ఇవాళ మిగిలిన పెన్నుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు, ఈ దినం జవాబు వద్దు, సాక్ష్యం చెప్పండి, యాడ దారి తప్పినారో, మళ్లా యాడ దొరికిందో, అంతే అన్నాడు.

స్తుతి రాసింది, మూడు ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు నాలుగు, అయిపోయింది, మగ్గాల వీధి కేశవ, పదకొండు పెన్నుల మొనగాడు, కిసుక్కున నవ్వాడు, ఓబులేసు పెన్ను మూత తీశాడు, గుర్తు మార్చమ్మా అనే మాట అరుణ్ కుమార్ నాలుక చివరికి వచ్చింది, చెబితే మారుస్తుంది, మార్చి కూర్చుంటుంది, ఇక ఎన్నటికీ లేవదు, పళ్లు బిగబట్టాడు, ఐదు సెకన్లు, పది, ఫ్యాను కిర్రుమంటోంది, చొక్కా వీపుకు అతుక్కుంది, ఇరవై.

స్తుతి ఇటు తిరిగింది, సార్, నేను తప్పు రాస్తి, నాలుగును మూడు భాగాలు చేస్తే సమంగా తెగల్యా, ఆడ అనుమానమొచ్చె, ఏడు తీసేసినాక పదకొండు మిగిలినాయంటే తీయకముందు పద్దెనిమిది ఉండాల గదా, నేను ఇంకో ఏడు తీసేస్తి, అంటూనే అరచేత్తో నాలుగును తుడిచి పద్దెనిమిది వేసింది, కింద ఆరు, సుద్ద పుటుక్కున విరిగేంత గట్టిగా, ఆ గొంతు అదే, ఆదివారం గొంతు, ఆమేన్ అన్నాడు కేశవ, వెటకారంగానే మొదలుపెట్టాడు గానీ చివరికి వచ్చేసరికి అందులో వెటకారం లేదు, అందరూ గొల్లుమన్నారు, స్తుతి కూడా నవ్వింది, నీ సాక్ష్యం ఎప్పుడప్పా, నీకు తప్పులే రావా అంది, కేశవ చెవులు ఎర్రబడ్డాయి.

ఓబులేసు జాబితాలో ఒక పేరు కొట్టేశాడు, ఒకటి పాయ, ఇంకా ఎనిమిది ఉండాయి గదప్పా అంటున్నాడు, అరుణ్ కుమార్ చెవిన అది పడలేదు, చివరి బెంచీలో, జాబితాలో రెండో పేరు, సుంకమ్మ, చెయ్యి ఎత్తింది, సార్, నాది ఇంకా శానా పెద్ద తప్పు, వచ్చి చెప్పనా అని, పక్కపిల్ల ఆ చెయ్యి లాగుతోంది, నాది ముందు నాది ముందు అంటూ, పన్నెండేళ్ల సర్వీసులో తప్పు పట్టుకుని లేచిన చెయ్యి అతను చూడడం ఇదే మొదలు, పెన్నులతో తను బేరమాడి కొనాలని చూసింది ఈ చేతినేనని, అది అమ్మకానికి ఉండదని అరుణ్ కుమార్‌కు తెలిసింది.